మొదటి వాటర్ కూలింగ్: విశాఖలో పార్టులు కొనేముందు, కూలెంట్ పోసేముందు

మార్చి దాటిందంటే విశాఖలో ఏసీ లేని గదిలో గేమింగ్ పీసీ ఫ్యాన్ల హోరు పెరిగిపోతుంది. వాటర్ కూలింగ్ పెట్టుకుందామన్న ఆలోచన చాలామందికి అప్పుడే వస్తుంది. మంచి ఆలోచనే, కానీ ఎండలు ముదిరాక హడావుడిగా ఆర్డర్ పెట్టొద్దు. చిప్ మీద కూర్చునే లోహపు బ్లాక్ వేడిని కూలెంట్ అనే ద్రవానికి ఇస్తుంది, పంపు దాన్ని ట్యూబుల్లోంచి ఫ్యాన్లున్న రేడియేటర్‌కి తోస్తుంది, అక్కడ చల్లారి మళ్ళీ బ్లాక్‌కి వస్తుంది; ఈ చుట్టునే లూప్ అంటారు. సీల్ చేసి వచ్చే ఏఐఓ (ఆల్-ఇన్-వన్, అన్నీ కలిపి బిగించిన) కూలర్లు మన ద్వారకానగర్ షాపుల్లో దొరుకుతాయి గానీ, విడి పార్టులు ఎక్కువగా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. ఒక్క ఫిట్టింగ్ (ట్యూబుని బిగించే జాయింట్) తక్కువైనా అది వచ్చేదాకా పీసీ విప్పి పడి ఉంటుంది. చలికాలంలో తీరిగ్గా మొదలుపెట్టండి.

నీళ్ళు కారితే ఎలా అని అందరికీ భయం. ఆ భయం ఉండాలి కూడా. అయితే కారుతుందా లేదా అన్నది కరెంటు ఇవ్వకముందే పరీక్షించి తేల్చుకోవచ్చు. తప్పు లోహం, తప్పు కూలెంట్ అలా కాదు. అవి లోపల నెలల తరబడి మెల్లగా పాడుచేస్తాయి, బయటపడేసరికి బ్లాక్ మార్చాల్సి వస్తుంది. అందుకే సగం జాగ్రత్త కొనేటప్పుడే పడాలంటాను.

ముందు లోహాల సంగతి. రాగి, ఇత్తడి, నికెల్ పూత పూసిన రాగి ఒకే లూప్‌లో ఉండొచ్చు. వాటి మధ్యకి అల్యూమినియం మాత్రం రాకూడదు. రాగి, అల్యూమినియం ఒకే నీటిలో ఉంటే వాటి మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియం మెల్లగా తినుకుపోతుంది. ఆ తుప్పు పొడి వెళ్ళి బ్లాక్‌లోని సన్నటి గాళ్ళలో ఇరుక్కుంటుంది. పాత ఏఐఓ విప్పి దాని రేడియేటర్ వాడుకుందామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, చాలా ఏఐఓల రేడియేటర్లు అల్యూమినియంవే. చవగ్గా వచ్చే రేడియేటర్ వివరాల్లో ఏ లోహమో రాయకపోతే దాన్ని కొనకండి. ఫిట్టింగులు ఇత్తడివని స్పష్టంగా రాసి ఉన్నవే తీసుకోండి.

రేడియేటర్ సైజు దగ్గర పిసినారితనం వద్దు. ప్రాసెసర్‌కి ఒక 120 మి.మీ. (ఒక ఫ్యాన్ పట్టే పొడవు), గ్రాఫిక్స్ కార్డుకి ఒక 120 మి.మీ., పైన ఇంకో 120 అని ఒక లెక్క చెబుతుంటారు. మన ఎండలకి అది చాలదు. రెండింటినీ లూప్‌లో పెడుతుంటే ఒక 360, ఒక 240 ఉంటే నిశ్చింత. కొనేముందు కేబినెట్‌లో టేపు పెట్టి కొలవండి, రేడియేటర్ మందానికి ఫ్యాన్ మందం 25 మి.మీ. కూడా కలుపుకోవాలి. రెక్కలు మరీ దగ్గరదగ్గరగా ఉన్న రేడియేటర్ వద్దు. పోర్టు వైపు ఇళ్ళలో నల్లటి దుమ్ము, బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు ఉప్పుగాలి తేమతో కలిసి ఆ రెక్కల మధ్య అట్ట కడతాయి. రెక్కలు ఎడంగా ఉంటే బ్లోయర్‌తో ఊదినా పోతుంది.

నీళ్ళు పెట్టినంత మాత్రాన గది కన్నా చల్లబడదు. గదిలో 34 డిగ్రీలుంటే, ఆట నడుస్తున్నంతసేపూ లూప్‌లో నీళ్ళు 45 దాటొచ్చు. ట్యూబు ఎంపికకి ఈ లెక్కే ముఖ్యం. అందంగా కనిపించే పెట్‌జీ (ఒక రకం ప్లాస్టిక్) గట్టి ట్యూబులు 60 డిగ్రీలు దాటితే మెత్తబడటం మొదలవుతుంది. ఏదో ఒక మధ్యాహ్నం ఫ్యాన్ ఆగిపోతే అంతవరకూ వెళ్ళడం కష్టమేమీ కాదు. మొదటిసారి చేసేవాళ్ళకి నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబే నా సలహా. లోపల రంగు కనిపించదు, నిజమే. కానీ వంచడం తేలిక, వేడికి తట్టుకుంటుంది. పారదర్శకంగా ఉండే పీవీసీ ట్యూబుల్లోంచి వాటిని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ కొంతకాలానికి కూలెంట్‌లోకి దిగి తెల్లటి జిగురులా పేరుకుంటుంది. ఈపీడీఎంలో ఆ బెడద లేదు.

ట్యూబుకీ ఫిట్టింగుకీ కొలత సరిపోవాలి. 10/13 ఫిట్టింగ్‌కి 10/16 ట్యూబు పట్టదు. మొదటి అంకె లోపలి వ్యాసం, రెండోది బయటిది, రెండూ మిల్లీమీటర్లలో. 10/16 మందంగా ఉంటుంది కాబట్టి వంపుల దగ్గర నలగదు. ఫిట్టింగుల మర జి 1/4 (మర సైజు పేరు) ఉండాలి, లెక్కకన్నా రెండు ఎక్కువ తెప్పించుకోండి. ఇంకో మాట: మన అలవాటు కొద్దీ మరకి టెఫ్లాన్ టేపు చుట్టకండి, ఎం-సీల్ అసలే వద్దు. అక్కడ నీళ్ళు ఆపేది ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు. టేపు పీచులు లోపలికి పోతే నేరుగా బ్లాక్‌లో చేరతాయి. చేత్తో బిగించి ఆపేయండి. రెంచీతో గట్టిగా తిప్పితే బ్లాక్ మీది యాక్రిలిక్ ప్లాస్టిక్ పగులుతుంది.

గ్రాఫిక్స్ కార్డు బ్లాక్ విషయంలో పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. ఒకే చిప్‌తో ఒక్కో కంపెనీ ఒక్కో బోర్డు తయారుచేస్తుంది. మీ కార్డు పూర్తి మోడల్ నంబరు బ్లాక్ కంపెనీ జాబితాలో ఉంటేనే కొనండి. కూలర్ విప్పితే వారంటీ ఏమవుతుందో ముందే అడిగి తెలుసుకోండి.

పంపుకి డీ5 రకం మంచిది, 12 వోల్టులతో నడుస్తుంది. అక్వేరియం పంపు, ఎయిర్ కూలర్ పంపు వాడితే చవకైపోతుందని ఎవరైనా చెబితే వినకండి. 230 వోల్టుల వైరు మదర్‌బోర్డు పక్కన నీళ్ళలో ఉండకూడదు.

ఇక కూలెంట్. విశాఖలో నీళ్ళు గడ్డకట్టే చలి రాదు కాబట్టి ఆ గుణం కోసం డబ్బు పెట్టక్కర్లేదు. మనకి కావలసినవి రెండే: తుప్పు పట్టనీయకూడదు, నాచు పట్టనీయకూడదు. పీసీల కోసమే తయారైన, రంగులేని, కలిపి సిద్ధంగా వచ్చే కూలెంట్ కొనండి. పాలలా చిక్కగా మెరిసే రంగు కూలెంట్ల జోలికి మొదటి లూప్‌లో వెళ్ళకండి. ఆ రంగునిచ్చే రేణువులు కొన్నాళ్ళకి అడుగున దిగి, గాళ్ళు మూసేస్తాయి. సాంద్రంగా వచ్చే రకమైతే సీసా మీద రాసిన పాళ్ళలోనే కలపండి. మిగుల్చుకోవాలని ఎక్కువ నీళ్ళు పోస్తే నాచుని ఆపే శక్తి తగ్గిపోతుంది. రెండు కంపెనీల సీసాలు కలపొద్దు. కారు కూలెంట్ కూడా వద్దు, అందులోని మందులు కారు ఇంజిన్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి.

కలపడానికి డిస్టిల్డ్ వాటరే కావాలి. కుళాయి నీళ్ళు, ఆర్వో నీళ్ళు, మినరల్ వాటర్ బాటిల్, ఏదీ పనికిరాదు, వాటిలో లవణాలు ఉంటాయి. పెట్రోల్ బంకులో అమ్మే బ్యాటరీ వాటర్ నాణ్యత అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఆర్వో మెకానిక్‌ల దగ్గరుండే టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచి చూడండి, సున్నాకి దగ్గరగా చూపించాలి. ‘కరెంటు పారదు’ అని రాసిన కూలెంట్‌ని నమ్ముకుని అజాగ్రత్తగా ఉండకండి. లూప్‌లో తిరిగేకొద్దీ అది లోహాల్లోంచి, దుమ్ములోంచి అయాన్లు (కరెంటుని మోసే కణాలు) పట్టుకుంటుంది.

కొత్త రేడియేటర్ లోపల తయారీలో మిగిలిన టంకం ఫ్లక్స్, పొడి ఉంటాయి. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, బాగా ఊపి పారబోయండి. తెల్లటి గిన్నెలోకి వంచినప్పుడు నీళ్ళు శుభ్రంగా కనిపించేదాకా ఇదే చేయాలి.

అంతా బిగించాక ముందు గాలితో పరీక్ష. చేతిపంపు, గేజ్ ఉన్న లీక్ టెస్టర్ దొరుకుతుంది. అర బార్ దాటకుండా గాలి పట్టించి అరగంట చూడండి, ముల్లు కదలకూడదు. ఆ తర్వాతే కూలెంట్ పోయాలి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పవర్ కేబుళ్ళన్నీ పీకేసి, పవర్ సప్లై 24 పిన్ల కేబుల్‌కి మదర్‌బోర్డు లేకుండానే దాన్ని ఆన్ చేసే జంపర్ ప్లగ్ పెట్టి, పంపు ఒక్కటే నడపండి. ప్రతి జాయింట్ కింద టిష్యూ పేపర్ పెట్టండి. రిజర్వాయర్ (కూలెంట్ పోసే డబ్బా) ఖాళీ అవుతోందనిపిస్తే వెంటనే ఆపి మళ్ళీ నింపండి, పంపు పొడిగా తిరిగితే పాడవుతుంది. కేబినెట్‌ని అటూ ఇటూ వంచితే గాలి బుడగలు బయటికొస్తాయి. ఒక రాత్రంతా నడిపి, టిష్యూలు పొడిగా ఉన్నాకే మిగతా కేబుళ్ళు తగిలించండి.

తర్వాత ఎప్పుడైనా కారితే, గోడ దగ్గర స్విచ్ ఆపడమే మొదటి పని. టెన్షన్‌లో తుడవడం మొదలుపెట్టకండి. గ్లైకాల్ కూలెంట్ ఎండినా జిగట మిగులుతుంది కాబట్టి బోర్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. అది యాక్రిలిక్ బ్లాక్‌కి తగిలితే పగుళ్ళు వస్తాయి, జాగ్రత్త. మన తేమకి పూర్తిగా ఆరడానికి ఒక రోజు చాలదు, ఫ్యాన్ కింద రెండు మూడు రోజులు ఉంచండి.

ఏసీ గదుల వాళ్ళకి ఒక ప్రత్యేక జాగ్రత్త. పీసీ నడుస్తున్నంతసేపూ నీళ్ళు గది కన్నా వెచ్చగానే ఉంటాయి, చెమ్మ పట్టదు. రాత్రంతా ఏసీలో ఆపేసి ఉన్న పీసీకి పొద్దున్నే కిటికీ తెరవగానే సముద్రపు గాలి తగిలితే మాత్రం, ఏసీ గదిలోంచి బయటికొచ్చినప్పుడు కళ్ళద్దాల మీద ఆవిరి పట్టినట్టే, చల్లటి లోహం మీద తడి పడుతుంది. అరగంట ఆగి ఆన్ చేయండి.

అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే పీసీ ఆపి, ప్లగ్ పీకి, కిటికీకి దూరంగా, నేలకి ఎత్తుగా పెట్టండి. కరెంటు వచ్చాక ముందు రిజర్వాయర్‌లో మట్టం, జాయింట్లు చూసుకుని ఆన్ చేయండి.

కూలెంట్ పోసిన తేదీ కేబినెట్ లోపల రాసి అంటించండి, ఏడాదికోసారి మార్చాలి. సులువుగా ఖాళీ చేయడానికి లూప్‌లో అన్నిటికన్నా కింద ఒక డ్రెయిన్ వాల్వ్ ముందే పెట్టుకోండి. మిగిలిన కూలెంట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ మంచినీళ్ళ బాటిల్లో పోసి ఉంచకండి. కొన్ని కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కొద్దిగా తాగినా పిల్లలకీ కుక్కలకీ పిల్లులకీ ప్రాణాంతకం కావచ్చు. దాని సొంత సీసాలోనే, మూత బిగించి, పిల్లల చేతికందని పై అరలో పెట్టండి.