సాగిన మ్యాపుతోనే జాగ్రఫీ నేర్చుకోవడం ఎలా

విజయవాడ ఏలూరు రోడ్డు షాపుల్లో గోడ మ్యాపు కొని ఇంట్లో తగిలించే తల్లిదండ్రులకీ, గ్రూప్స్‌కి చదివేవాళ్లకీ ఇది పనికొస్తుంది. భూమి గుండ్రం, కాగితం చదును, కాబట్టి ఏ ప్రపంచ పటమైనా ఎక్కడో ఒకచోట సాగక తప్పదు. అలాగని దాన్ని పక్కన పడేయకండి. అది దేన్ని సరిగ్గా చూపిస్తోందో ముందే తేల్చుకుంటే చాలా నేర్పుతుంది.

స్కేలు తీసుకుని అక్షాంశాల అడ్డగీతల మధ్య ఎడం కొలవండి. నేల మీద పది డిగ్రీలంటే ఎక్కడైనా దాదాపు 1,110 కిలోమీటర్లే. మ్యాపులో మాత్రం 60కీ 70కీ మధ్య ఎడం, 0కీ 10కీ మధ్య ఎడానికి రెండింతలు దాటిందంటే అది మెర్కేటర్ పటమే అనుకోవచ్చు. 1569లో మెర్కేటర్ అనే పటాల నిపుణుడు ఓడలు నడిపేవాళ్ల కోసం చేసింది, దిక్సూచిలో ఒకే కోణం పట్టుకుని వెళ్లే దారి అందులో తిన్నని గీతగా వస్తుంది, కాబట్టి దిశలకి దాన్ని నమ్మొచ్చు, సైజులకి మాత్రం వద్దు. విజయవాడ పదహారున్నర డిగ్రీల దగ్గరుంది, ఇక్కడ సాగుడు కొంచెమే. 60 డిగ్రీల దగ్గరికెళ్తే వైశాల్యం నాలుగింతలై కనిపిస్తుంది. అందుకే గ్రీన్‌లాండ్ మన దేశాన్ని మింగేసేలా ఉంటుంది, నిజానికి అది దాదాపు 21.66 లక్షల చదరపు కిలోమీటర్లు, మనది 32.87 లక్షలు. ఈ అంకెల్ని పిల్లల చేత మ్యాపు మీదే, ఆ దేశం బొమ్మలోనే పెన్సిలుతో రాయించండి. నా దృష్టిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు, బొమ్మ చూసిన ప్రతిసారీ పక్కనే అంకె కూడా కంటపడుతుంది.

తర్వాత చిన్న గ్లోబు, దారం. అమెరికాలో ఎవరో ఒకరు లేని ఇల్లు మన దగ్గర తక్కువే కదా, హైదరాబాద్ నుంచి చికాగోకి దారం బిగించి చూడండి, ఉత్తర ధ్రువం దాపుల్లోంచి పోతుంది. గోడ మ్యాపు మీద అదే గీత తిన్నగా గీస్తే అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా వెళ్తుంది. రెండూ పక్కపక్కన చూపిస్తే దగ్గరి దారి ఏదో మీరు చెప్పక్కర్లేదు.

రైల్వే మ్యాపుల సంగతి వేరు. వాటిలో స్టేషన్ల వరస, లైన్లు చీలే చోట్లు నమ్మొచ్చు: విజయవాడ నుంచి కృష్ణ దాటాక కృష్ణా కెనాల్ జంక్షన్‌లో గుంటూరు లైనూ తెనాలి లైనూ విడిపోతాయి, అది ఎంత వంకరగా గీసిన మ్యాపులోనైనా తెలుస్తుంది. దూరాలు కావాలంటే మాత్రం మ్యాపు మీద స్కేలు పెట్టకుండా టైంటేబుల్లో కిలోమీటర్ల కాలమ్ చూడమనండి.