వంటగది గోడలో కరెంటు పైపులు ఎటు పోవాలి?

గోడలో పూడ్చిన తీగకు అసలు ప్రమాదం ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయాకే, అల్మరాలు బిగించడానికి డ్రిల్లుతో వచ్చే వడ్రంగి చేతిలో మొదలవుతుంది. అందుచేత టైల్స్ వేసేసిన తరువాత కూడా పైపు దారిని బోర్డును చూసి చెప్పగలిగేలా వేయించుకోవాలి. బోర్డు నుంచి పైపు నిటారుగా గాని, అడ్డంగా గాని మాత్రమే సాగాలి. రెండు మీటర్ల పైపు ఆదా అవుతుందని ఐమూలగా గాడి కొడతానంటే ఒప్పుకోకూడదు.

నిటారు దారే మేలని నా అభిప్రాయం. విశాఖలోని అపార్టుమెంట్లలో లోపలి గోడలు చాలావరకు నాలుగంగుళాలవే. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతుకు, అడ్డగాడి ఆరో వంతుకు మించరాదన్నది ఇటుక గోడలకు పాటించే లెక్క. ఆ ప్రకారం నాలుగంగుళాల గోడలో అడ్డగాడి లోతు సుమారు 16 మి.మీ. దాటకూడదు కాబట్టి 20 మి.మీ. పైపే అందులో ఇమడదు. కనుక పైపులను శ్లాబులోంచి తెచ్చి, ఒక్కో బోర్డుకు నేరుగా కిందికి దింపించాలి. పిల్లర్లను, బీములను మాత్రం కొట్టనివ్వకూడదు.

గాడి కొట్టకముందే అల్మరాల కొలతలు తెప్పించుకోవాలి. పై అల్మరాల స్క్రూలు దిగే చోట్ల పైపు రాకుండా దిగుదారులను పక్కకు జరపాలి. పొయ్యికి, సింకుకు నేరుగా పైన బోర్డు పెట్టరాదు; నీటి పైపుకు, గ్యాసు పైపుకు ఎడంగా ఉండాలి.

దీపాలకు 1.5, మిక్సీ, ఫ్రిజ్ వంటివాటికి 2.5, ఓవెన్ పెట్టే 16 ఆంపియర్ల ప్లగ్గుకు 4 చదరపు మి.మీ. రాగి తీగ, వాటితో పాటు ఆకుపచ్చ ఎర్త్ తీగ లాగించాలి. పైపు లోపల అతుకు ఉండకూడదు. సముద్రపు గాలికి ఇనుప బాక్సుల స్క్రూలు త్వరగా తుప్పుపడతాయి గనుక బీచ్ రోడ్డు వైపు ఇళ్లవారు తుప్పుపట్టని బాక్సులకు, స్క్రూలకు అయ్యే ఖర్చు దగ్గర వెనకాడకపోవడం మంచిది. డీబీలో, అంటే ఇంటి సర్క్యూట్లన్నిటికీ కరెంటు పంచే పెట్టెలో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి.

ప్లాస్టరింగుకు ముందు టేపు ఆనించి ప్రతి గోడనూ ఫొటో తీయాలి. టైల్స్ పడితే నేల ఎత్తు మారుతుంది కాబట్టి కొలతను నేల నుంచి కాక, శ్లాబు అడుగు నుంచి తీసుకోవాలి. ఆ ఫొటోల ప్రతిని డీబీ తలుపు లోపల అంటించి, వడ్రంగి డ్రిల్లు పెట్టకముందే చూపించాలి.