పడమటి కిటికీతో మొదలుపెట్టండి: ఆర్కిటెక్చర్ స్టూడియోలో ఎండ పాఠం

వాతావరణానికి తగ్గ డిజైన్ అనగానే చాలామంది విద్యార్థులు షీటు నిండా పచ్చ తీగలు, సోలార్ పలకలు గీసేస్తారు. అవి పక్కన పెట్టించి ముందు ఎండను కొలిపించండి. ఇక్కడి లెక్కలు హైదరాబాద్‌వి (17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం), మార్చి 21 ప్రాంతానివి.

మొదట దిక్కు తేలాలి. డాబా మీద ఫోన్ కంపాస్‌ను నమ్మనివ్వొద్దు, స్లాబులోని ఇనుము దాన్ని పక్కకు లాగుతుంది. పాత శంకువు పద్ధతే మేలు. డ్రాయింగ్ షీటు మీద 30 సెం.మీ. పుల్లను నిట్టనిలువుగా నిలిపి, దాని మొదలు కేంద్రంగా 25 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయించండి. నీడ కొస వృత్తాన్ని ఉదయం పదింటి ప్రాంతంలో ఒకసారి, మధ్యాహ్నం మూడుకు కాస్త ముందు ఇంకోసారి తాకుతుంది. ఆ రెండు చుక్కలూ కలిపితే తూర్పు పడమరల గీత.

ఎండ లెక్కలో మధ్యాహ్నం గడియారంలో 12కి రాదు, ఆ రోజుల్లో 12:23కి వస్తుంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర. అదే 16 నిమిషాలు, మిగతా ఏడూ ఋతువును బట్టి మారే తేడా. అప్పుడు నీడ 9.4 సెం.మీ. ఉండాలి. సెంటీమీటరు తేడా వస్తే పుల్ల ఒరిగిందో, షీటు మట్టంగా లేదో చూడండి.

తర్వాత ఫోమ్ బోర్డుతో 1:10 కొలతలో మోడల్. 12 సెం.మీ. చదరపు కిటికీ, దాని పైఅంచునే 6 సెం.మీ. చజ్జా, అంటే అసలు ఇంట్లో రెండడుగులది. 12:23కి దక్షిణానికి తిప్పితే కిటికీ మొత్తం నీడలో ఉంటుంది, నిజానికి 3.8 సెం.మీ. చజ్జా చాలు. అదే మోడల్‌ను 4:23కి పడమరకు తిప్పించండి. నీడ 3.3 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది, మిగతా 8.7 సెం.మీ. ఎండే. మొత్తం కప్పాలంటే అసలు కొలతలో 2.18 మీటర్ల చజ్జా కావాలి. ఈ అంకెను వాళ్ల చేతే లెక్కకట్టించండి, మీరు చెప్పొద్దు.

వెంటనే అందరూ నిలువు పలకలు పెడతారు. గోడకు లంబంగా ఉంటే అవీ పనిచేయవు, ఆ వేళ సూర్యుడు పడమటి గోడకు దాదాపు ఎదురుగానే ఉంటాడు. పలకల్ని ఏటవాలుగా తిప్పాలి, లేదా బయట జాలీ (చిల్లుల గోడ), వరండా, చెట్టు ఉండాలి. అన్నిటికన్నా ముందు కిటికీని చిన్నది చేయడమో, వేరే గోడకు మార్చడమో ఆలోచించాలి. లోపలి కర్టెన్ లెక్కలోకి రాదు, వేడి అప్పటికే అద్దం దాటేసింది.

దక్షిణపు కిటికీ విషయంలో ఎక్కువగా జరిగే తప్పు చజ్జాను సరిగ్గా కిటికీ వెడల్పుకే కత్తిరించడం. 3:23కి చూస్తే కిటికీలో దాదాపు సగం త్రికోణంలా ఎండలో ఉంటుంది. చజ్జాను పక్కలకు సాగదీయాలి.

గాలికి ఎకో నివాస్ సంహిత 2018 (ఇళ్లకు కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి) కొలత ఇచ్చింది: కిటికీల్లో, తలుపుల్లో తెరుచుకునే భాగం కార్పెట్ ఏరియాలో (గోడలు పోను లోపలి నేల) హైదరాబాద్‌కు కనీసం 12.5 శాతం, ఉక్కపోత ఎక్కువైన విశాఖకు 16.66 శాతం. 12×12 అడుగుల గదికి అన్వయిస్తే 18, 24 చదరపు అడుగులు. రెండు తలుపుల స్లైడింగ్ కిటికీ 6×4 అడుగులదైనా తెరుచుకునేది సగమే, 12. ఈ సగాన్ని విద్యార్థులు పదే పదే మర్చిపోతారు.

జ్యూరీకి, అంటే డిజైన్లను పరీక్షించే బృందానికి, తెచ్చే షీటులో ప్రతి కిటికీ పక్కనా తేదీ, గంట, నీడ లోతు రాసి ఉండాలి. అవి లేని షీటును వెనక్కి పంపి, సరిచేసిన మోడల్‌ను మర్నాడు 4:23కి మళ్లీ డాబా ఎక్కించండి.