పెన్ డ్రైవ్‌లో నడిచే డేటాబేస్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖ పూర్ణా మార్కెట్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపేవాళ్లకి బాకీల పద్దు పగలు కొట్లోనూ కావాలి, రాత్రి ఇంట్లోనూ కావాలి. మధురవాడ అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ లెక్కలు ఒక సెక్రటరీ దిగిపోగానే ఇంకొకరి చేతికి వెళ్తాయి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో ఫీజుల లిస్టుదీ ఇదే పరిస్థితి. ఇలాంటి పనికి సర్వర్ అక్కర్లేదు. మొత్తం డేటా ఒకే ఫైలులో ఇమిడిపోయే ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్‌ని పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంటే, ఏ కంప్యూటర్‌కి తగిలిస్తే అక్కడ నడుస్తుంది. ఎస్‌క్యూలైట్ 2000 నుంచి వాడుకలో ఉన్న గట్టి సాఫ్ట్‌వేర్. ఇబ్బంది వచ్చేది ఎక్కువగా డ్రైవ్‌ని పీకే తీరు వల్ల, ఫైలుని కాపీ చేసే తీరు వల్ల. అందుకే మొదటి రెండు సమస్యలనీ నిదానంగా చదవండి.

"డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్" అని వస్తోంది

ఫైలు లోపలి నిర్మాణం దెబ్బతిందని దీని అర్థం. ఎంట్రీ రాస్తుండగా డ్రైవ్ లాగేయడమో, కరెంటు పోవడమో జరిగి ఉంటుంది. నిజానికి ఈ రెండిటినీ తట్టుకునే ఏర్పాటు ఎస్‌క్యూలైట్‌లో ఉంది. ఏదైనా మార్చే ముందు పాత పేజీలను జర్నల్ అనే పక్క ఫైలులో దాచుకుంటుంది. మళ్లీ తెరిచినప్పుడు ఆ జర్నల్ చూసి, సగంలో ఆగిన పనిని వెనక్కి తిప్పేస్తుంది. అయితే ఇదంతా "రాసేశాను" అని డ్రైవ్ చెప్పే మాట నిజమైనప్పుడే పనిచేస్తుంది. చవక డ్రైవ్‌లలో కొన్ని, డేటా చిప్‌లోకి చేరకముందే చేరిందని చెప్పేస్తాయి. పైగా ఫ్లాష్ మెమరీలో చిన్న మార్పుకి కూడా పెద్ద బ్లాక్‌నే చెరిపి రాయాల్సి రావచ్చు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే మీరు ముట్టుకోని రికార్డులు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది.

ముందు డ్రైవ్ మీద ఏ రిపేరూ మొదలుపెట్టకండి. ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీ మీదే పని చేయండి. ఎస్‌క్యూలైట్ కమాండ్ లైన్ ప్రోగ్రామ్‌లో ఇంటెగ్రిటీ చెక్ అనే ప్రాగ్మా (ఫైలు నిర్మాణాన్ని తనిఖీ చేసే ఆదేశం) నడపండి. "ఓకే" అని ఒక్క మాటే వస్తే నిర్మాణం బాగానే ఉన్నట్టు. తప్పులన్నీ ఇండెక్స్‌ల (త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే పట్టికల) గురించే అయితే రీఇండెక్స్ కమాండ్‌తో చాలావరకు సర్దుకుంటుంది. టేబుళ్లే దెబ్బతింటే రికవర్ కమాండ్ వాడాలి. అది చదవగలిగినంత డేటాని ఎస్‌క్యూఎల్ వాక్యాలుగా బయటికి తీస్తుంది, వాటిని ఖాళీగా ఉన్న కొత్త ఫైలులోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత బిల్లు పుస్తకాలు పక్కన పెట్టుకుని మొత్తాలు టాలీ చేయడం తప్పనిసరి. కొన్ని వరుసలు పోవచ్చు, ఎప్పుడో తీసేసిన పాత వరుసలు తిరిగి కనిపించనూ వచ్చు. బాకీల పద్దులో ఈ రెండూ ప్రమాదమే.

మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే ముందు ప్రోగ్రామ్ మూయాలి, తర్వాత ఎజెక్ట్ నొక్కాలి, ఆ తర్వాతే డ్రైవ్ తీయాలి. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి క్విక్ రిమూవల్ డిఫాల్ట్‌గా ఉంది కాబట్టి ఎజెక్ట్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ప్రోగ్రామ్ తెరిచి ఉండి సగం పనిలో ఉంటే ఆ సెట్టింగ్ కాపాడలేదు.

కొట్లో వేసిన ఎంట్రీలు ఇంటికొచ్చాక కనిపించడం లేదు

డ్రైవ్‌లో ఫైళ్ల లిస్టు చూడండి. డేటాబేస్ ఫైలు పేరు చివర వాల్ (-wal) అని, ఎస్‌హెచ్‌ఎమ్ (-shm) అని తగిలించిన మరో రెండు ఫైళ్లు ఉంటే, అది 2010లో వచ్చిన వాల్ పద్ధతిలో నడుస్తున్నట్టు. ఈ పద్ధతిలో కొత్త ఎంట్రీలు ముందు వాల్ ఫైలులోకే వెళ్తాయి, అసలు ఫైలులోకి తర్వాత చేరతాయి. ప్రోగ్రామ్ తెరిచి ఉండగా అసలు ఫైలు ఒక్కటే కాపీ చేసుకుని బయల్దేరితే తాజా ఎంట్రీలు కొట్లోనే ఉండిపోతాయి. "ఈ చెత్త ఫైళ్లు ఎందుకు" అని వాల్ ఫైలునో, జర్నల్ ఫైలునో డిలీట్ చేస్తే ఎంట్రీలు పోవడంతో పాటు డేటాబేస్ కూడా పాడవచ్చు. వాటిని చేత్తో ఎప్పుడూ తీసేయకండి.

పాత కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు ఇంకా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. అక్కడే ప్రోగ్రామ్ తెరిచి, పద్ధతిగా మూసేయండి. చివరి కనెక్షన్ సరిగ్గా మూసుకున్నప్పుడు వాల్‌లో ఉన్నదంతా అసలు ఫైలులో కలిసిపోయి, ఆ పక్క ఫైళ్లు వాటంతట అవే పోతాయి. అప్పుడు కాపీ చేయండి. ఈలోగా ఇంటి కాపీలో కొత్త ఎంట్రీలు వేసి ఉంటే మాత్రం ఒకదాని మీద ఒకటి రాసేయకండి. రెండిటినీ వేరే పేర్లతో ఉంచి, తేడా ఉన్న వరుసలను చూసి కలపాలి. కాపీలు తరచూ తీసేవాళ్లకి వ్యాక్యూమ్ ఇంటూ కమాండ్ మంచిది. ప్రోగ్రామ్ నడుస్తున్నా సరే, అప్పటిదాకా ఉన్న డేటాని ఒకే శుభ్రమైన ఫైలుగా ఇస్తుంది.

ఫైలు దొరకడం లేదంటోంది

విండోస్ ప్రతి డ్రైవ్‌కీ ఒక ఇంగ్లిష్ అక్షరం ఇస్తుంది. కొట్లో E: డ్రైవ్‌గా కనిపించింది ఇంట్లో F: డ్రైవ్ అయి ఉంటుంది. ప్రోగ్రామ్‌ని కూడా పెన్ డ్రైవ్‌లోనే పెట్టి, ఫైలు దారిని అక్షరం లేకుండా ఫోల్డర్ పేరుతోనే ఇవ్వండి. కుదరకపోతే రెండు కంప్యూటర్లలోనూ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి P: లాంటి ఒకే అక్షరం కేటాయించండి.

"డేటాబేస్ ఈజ్ లాక్డ్"

ఇంకో ప్రోగ్రామ్ రాస్తోంది, లేదా రాయడం మొదలుపెట్టి ముగించలేదు. ఎక్కువసార్లు అది డీబీ బ్రౌజర్ (ఎస్‌క్యూలైట్ ఫైలుని తెరిచి చూసే, మార్చే ప్రోగ్రామ్) అవుతుంది. అందులో ఒక అంకె మార్చి, రైట్ ఛేంజెస్ నొక్కకుండా వదిలేస్తే తాళం అలాగే ఉంటుంది. నొక్కండి, లేదా ఆ మార్పు రద్దు చేయండి. ఏ కిటికీ తెరిచి లేకపోయినా ఇదే వస్తుంటే టాస్క్ మేనేజర్‌లో పాత ప్రోగ్రామ్ ఇంకా నడుస్తోందేమో చూడండి. ఒక పెన్ డ్రైవ్‌ని నెట్‌వర్క్‌లో షేర్ చేసి ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాసే ఏర్పాటు మాత్రం వద్దు. నెట్‌వర్క్ ఫోల్డర్లలో ఈ తాళాలు నమ్మకంగా పనిచేయవు. అంతమంది రాయాల్సి వస్తే సర్వర్ డేటాబేస్‌కి మారే సమయం వచ్చినట్టే.

ఎంట్రీలు ఎక్కించడానికి చాలా టైమ్ పడుతోంది

ప్రతి వరుసనీ విడివిడిగా సేవ్ చేయడం దీనికి కారణం. ఒక్కో సేవ్‌కీ డేటా డ్రైవ్‌లోకి చేరిందాకా ఎస్‌క్యూలైట్ ఆగుతుంది. బిగిన్ అని మొదలుపెట్టి, వరుసలన్నీ ఎక్కించి, చివర ఒక్కసారి కమిట్ చేస్తే తేడా మీకే తెలుస్తుంది. డ్రైవ్ మీద అరుగుదల కూడా తగ్గుతుంది. స్పీడ్ కోసం సింక్రనస్ (ఇలా ఆగేలా చేసే సెట్టింగ్) ఆఫ్ చేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. పెన్ డ్రైవ్‌లో ఉన్న అసలు పద్దు మీద ఆ పని చేయకండి. కరెంటు పోయిన క్షణంలో కాపాడేది ఆ ఆగడమే.

మధ్యలో డ్రైవ్ మాయమైపోయి "డిస్క్ ఐ/ఓ ఎర్రర్" వస్తోంది

డేటాబేస్‌ని అనుమానించే ముందు పోర్ట్‌ని చూడండి. మన ఊరి ఉప్పుగాలికి, తేమకి కనెక్టర్ల మీద మచ్చలు, తుప్పు వస్తాయి. బీచ్ రోడ్డు వైపు, ఫిషింగ్ హార్బర్ వైపు ఉన్న కొట్లలో ఇది మరీ ఎక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో డ్రైవ్ కాంటాక్ట్‌లు తుడిచి, బాగా ఆరనివ్వండి. డెస్క్‌టాప్ అయితే ముందు పోర్ట్ బదులు వెనక మదర్‌బోర్డ్‌కి ఉన్న పోర్ట్ వాడి చూడండి. అయినా ఆగకపోతే వెంటనే డేటా తీసేసుకుని డ్రైవ్ మార్చేయండి. బాగానే నడిచిన డ్రైవ్ ఉన్నట్టుండి రాయనివ్వకుండా చదవడానికి మాత్రమే ఒప్పుకుంటున్నా అదే మాట: కొన్ని డ్రైవ్‌లు ఆయుష్షు తీరే దశలో అలా మారతాయి.

తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తున్నాయి

సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలుగా) తీసి ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసినప్పుడే ఇలా ఉంటే డేటాకి ఏమీ కాలేదు. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ నుంచి ఆ ఫైలుని తెచ్చుకుంటూ యూటీఎఫ్-8 ఎంచుకోండి. డేటాబేస్‌లోనే పిచ్చి గుర్తులుంటే ఆ పేర్లు డీటీపీ వాళ్ల అను ఫాంట్లలో టైప్ చేసి ఉండవచ్చు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లోనే తెలుగులా కనిపిస్తాయి, వెతికితే దొరకవు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి ఎక్కించాలి. ఒత్తులు తప్పిపోతుంటాయి కాబట్టి పేర్లు ఒకసారి కంటితో చూడండి.

కొత్త డ్రైవ్‌లో పాత ఫైళ్లు పాడైపోతున్నాయి

64 జీబీ అని రాసి ఉన్నా లోపల అంత చిప్ లేని నకిలీది కావచ్చు. నిండేదాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత కొత్తది రాసినప్పుడల్లా ఏదో ఒకటి పోతుంది. కొన్న రోజే, ఖాళీగా ఉన్నప్పుడే, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ (డ్రైవ్ నిండా రాసి, చదివి చూసే విండోస్ ప్రోగ్రామ్)తో పరీక్షించండి. లినక్స్‌లో అదే పనికి ఎఫ్3 ఉంది.

డ్రైవ్ పోయింది, లేదా అసలు తెరుచుకోవడం లేదు

ఆటోలో జారిపోతే దొరికినవాళ్లకి మీ ఖాతాదారుల ఫోన్ నంబర్లన్నీ చేరతాయి. విండోస్ ప్రో ఉంటే అందులోనే ఉండే బిట్‌లాకర్‌తో డ్రైవ్ మొత్తానికి పాస్‌వర్డ్ తాళం వేయండి. దాన్ని హోమ్ ఎడిషన్‌లో కూడా పాస్‌వర్డ్‌తో తెరవచ్చు. ఇదే పని చేసే వెరాక్రిప్ట్ ఉచితం, కానీ పరాయి కంప్యూటర్‌లో నేరుగా నడపడానికి అడ్మిన్ అనుమతి కావాలి. రోజూ కొట్టు కట్టేసే ముందు తేదీ పేరుతో ఒక కాపీ తీసి, దాన్ని వేరే చోట ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, కొట్లలోకి నీళ్లొచ్చాయి. కాబట్టి అదే బిల్డింగ్‌లో ఉన్న రెండో కాపీని లెక్కలోకి తీసుకోకండి. గాజువాకలో కొట్టుంటే సీతమ్మధారలో ఉన్న బంధువుల ఇంట్లోనో, క్లౌడ్‌లోనో ఒకటి ఉంచండి. బిట్‌లాకర్ రికవరీ కీని (పాస్‌వర్డ్ మర్చిపోతే డ్రైవ్ తెరిచే కోడ్‌ని) కాగితం మీద ప్రింట్ తీసి, డ్రైవ్ ఉండే బ్యాగులో కాకుండా ఇంటి బీరువాలో పెట్టండి.