ప్లూటో–నెప్ట్యూన్ అనునాదాన్ని ల్యాప్‌టాప్‌లో నడిపి చూడటం

నెప్ట్యూన్ సూర్యుణ్ని మూడుసార్లు చుట్టేలోపు ప్లూటో రెండుసార్లు చుడుతుంది. పరిహేళి (సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటు) దగ్గర నెప్ట్యూన్ కక్ష్య దాటి లోపలికొచ్చినా ప్లూటో దానికి చిక్కకపోవడానికి ఈ 3:2 అనునాదమే, అంటే చుట్ల కాలాల మధ్య ఈ పొందికే, కారణం. దీన్ని కంప్యూటర్ లెక్కల్లో కోటి ఏళ్లు నడిపి చూడాలంటే గుంటూరు, బెజవాడల్లో డిగ్రీ పిల్లలు వాడే మామూలు ల్యాప్‌టాప్ చాలు. పైథాన్‌లో రీబౌండ్ (గ్రహాల కదలికల్ని లెక్కగట్టే ప్యాకేజీ) ఎక్కించుకోండి.

గ్రహాల్ని చేర్చకముందే యూనిట్లు పెట్టాలి: ఏళ్లు, ఏయూ (భూమి–సూర్యుల సగటు దూరం), సూర్యుడి ద్రవ్యరాశి. మరిచిపోతే గురుత్వ స్థిరాంకం జీ విలువ 1గా ఉండిపోయి ఏడాదంటే 6.28 అవుతుంది. కోటి ఏళ్లనుకున్నది 16 లక్షల ఏళ్లకే ఆగుతుంది, ఎర్రర్ కూడా రాదు.

సూర్యుణ్ని, గురుడి నుంచి ప్లూటో దాకా అయిదింటినీ ఒకే తేదీకి నాసా హొరైజన్స్ డేటాబేస్ నుంచి తెచ్చుకోండి. ప్లూటోకి 999 కాదు, 9 అనే నంబరు అడగండి. 9 అంటే ప్లూటో, దాని ఉపగ్రహాల ఉమ్మడి ద్రవ్యకేంద్రం. 999 అంటే ప్లూటో గోళం ఒక్కటే. ఉపగ్రహం కేరన్‌తో కలిసి 6.4 రోజులకోసారి తిరిగే దాని వేగం కూడా కక్ష్య లెక్కలో దూరి అర్ధదీర్ఘాక్షాన్ని (కక్ష్య పొడవులో సగాన్ని) చెడగొడుతుంది. ప్లూటో ద్రవ్యరాశి సున్నా చేసేయొచ్చు. లోపలి నాలుగు గ్రహాల్నీ వదిలేసి, వాటి మొత్తం ద్రవ్యరాశి, సుమారు 0.000006 సూర్య ద్రవ్యరాశి, సూర్యుడికి కలపండి. బుధుణ్ని ఉంచితే టైమ్ స్టెప్‌ను (ఒక్కో లెక్కకి ముందుకు జరిగే కాలాన్ని) కొన్ని రోజులకు దించాల్సొస్తుంది.

ఇంటిగ్రేటర్ (కదలికల్ని అంచెలంచెలుగా లెక్కించే పద్ధతి) డబ్ల్యూహెచ్‌ఫాస్ట్, స్టెప్ అర ఏడాది: గురుడి ఒక చుట్టులో దాదాపు 24వ వంతు. ప్రతి 500 ఏళ్లకీ విలువలు రాసుకోండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎగ్జాక్ట్ ఫినిష్ టైమ్ అనే సెట్టింగ్‌ను సున్నా చేయకపోతే, అడిగిన క్షణానికి సరిపెట్టడానికి ప్రోగ్రాం స్టెప్‌ను కత్తిరిస్తుంది. స్టెప్ మారితే సింప్లెక్టిక్ పద్ధతి (శక్తి లెక్కను ఎంతకాలమైనా చెదరనివ్వనిది; డబ్ల్యూహెచ్‌ఫాస్ట్ అలాంటిదే) ఉపయోగమే పోతుంది, శక్తి లెక్కలో తేడా పేరుకుంటుంది. సిమ్యులేషన్ ఆర్కైవ్ (మధ్యమధ్య స్థితిని దాచే ఫైలు) కూడా పెట్టుకోండి. మే నెలలో కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచీ నడపక్కర్లేదు.

చూడాల్సిన కోణం: ప్లూటో మీన్ లాంగిట్యూడ్‌కి (సగటు వేగంతో కదిలితే ఉండే రేఖాంశానికి) మూడు రెట్లలోంచి, నెప్ట్యూన్‌ది రెండు రెట్లు, ప్లూటో పరిహేళి రేఖాంశం తీసేయండి. కక్ష్యల్ని సూర్యుడి నుంచి కాక మొత్తం వ్యవస్థ ద్రవ్యకేంద్రం నుంచి లెక్కించాలి. గురుడి లాగుడికి సూర్యుడే ఊగుతుంటాడు కాబట్టి, లేకపోతే గ్రాఫ్ నిండా రొద. గ్రాఫ్ 0 నుంచి 360 దాకా గీయండి. 180కి అటూ ఇటూ 80 డిగ్రీలకు పైగా, సుమారు 20,000 ఏళ్లకో ఊపు కనిపిస్తే లెక్క కుదిరినట్టే. −180 నుంచి గీస్తే అదే ఊపు రెండు ముక్కలై, అనునాదం తెగిపోయినట్టు భ్రమ కలుగుతుంది.

నెప్ట్యూన్ అవతలి చిన్న లోకం ఆర్కస్‌ కూడా 3:2లోనే ఉంది, తర్వాత దాన్ని పెట్టి చూడండి. కొత్తగా దొరికిన ఇలాంటి వస్తువుల కక్ష్యలు అంత కచ్చితంగా తెలియవు కాబట్టి, ఆ అనిశ్చితి పరిధిలో కొన్ని నకళ్లు చేసి అన్నింటినీ నడపాలి. ఏదైనా నెప్ట్యూన్‌కి మరీ దగ్గరగా వెళ్తే డబ్ల్యూహెచ్‌ఫాస్ట్‌ని నమ్మొద్దు, దాన్ని దగ్గరి కలయికల్ని తట్టుకునే మెర్క్యూరియస్ ఇంటిగ్రేటర్‌తో నడపండి.