తొలకరికి ముందే పాముకాటు గురించి తెలుసుకోవలసినవి

మృగశిర కార్తెలో తొలకరి జల్లులు పడి పొలం పనులు మొదలయ్యే రోజుల్లోనే, బొరియల్లోకి నీరు చేరి పాములు గట్ల మీదికీ, గడ్డివాముల్లోకీ, ఇళ్లలోకీ వస్తాయి. మన ప్రాంతంలో ప్రాణాపాయం కలిగించేవి ప్రధానంగా నాలుగు: త్రాచుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. పొలంలో బూట్లు, చీకట్లో టార్చిలైటు, కట్టెలు కదిపే ముందు కర్రతో తట్టడం వంటి జాగ్రత్తలు రైతులకు తెలిసినవే. తెలియక ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా కట్లపాము విషయంలోనే.

అది రాత్రిపూట తిరుగుతూ, నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటు వేస్తుంది. కాటు దగ్గర నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాట్లు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో లేచిన మనిషికి అజీర్తి అనుకుని సోడా తాగిస్తే, రెప్పలు వాలి, మాట ముద్దగా మారి, మింగుడు పడని స్థితి వచ్చేదాకా అసలు కారణం తట్టదు. ఈ విషం నరాల చివరలను దెబ్బతీసిన తరువాత విరుగుడు మందు ఆ నష్టాన్ని పూడ్చలేదు. శ్వాస కండరాలు కోలుకునేదాకా వెంటిలేటరే ఆధారం. కనుక నేల మీద పడుకున్నవారికి రెప్పలు వాలుతుంటే గాటు కోసం వెతుకుతూ కూర్చోకూడదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. దోమతెర దోమల కోసమే కాదు.

పింజరల విషం రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. అందుకే వైద్యులు కొద్దిగా రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్లే. మొదటిసారి మామూలుగా ఉన్నా మళ్లీ మళ్లీ చూడవలసి ఉంటుంది కాబట్టి, బాగానే ఉన్నాడని చెప్పి రోగిని ఇంటికి తీసుకువెళ్లకుండా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలి. రక్తపింజర కాటుకు మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు గనుక, మూత్రం తగ్గితే వెంటనే చెప్పాలి.

కాటు పడిన మనిషిని నడిపించకుండా, ఆ చేతిని లేదా కాలిని కర్రకట్టుతో కదలకుండా ఉంచి, గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, 108కి ఫోన్ చేయాలి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం హాని చేస్తాయి. ఎవరైనా ముందే కట్టు బిగించి ఉంటే దారిలో విప్పకుండా వైద్యుని సమక్షంలోనే విప్పించాలి. విషం ఎక్కని పొడికాట్లు కూడా ఉంటాయి; మంత్రగాళ్లకు పేరు వచ్చేది వాటివల్లనే. పామును చంపి తీసుకురావలసిన పని లేదు, ఎందుకంటే ఇక్కడ వాడే విరుగుడు మందు ఈ నాలుగింటికీ ఒకటే, పిల్లలకూ పెద్దలకూ మోతాదు కూడా ఒకటే. గర్భిణులకు సైతం దానిని ఇస్తారు.

ఆ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది గనుక కొందరికి ఎక్కిస్తుండగానే దురద, దద్దుర్లు, ఆయాసం రావచ్చు. అందుకు ఇవ్వవలసిన అడ్రినలిన్ సూదిని పక్కనే సిద్ధంగా ఉంచుకుంటారు. మీ దగ్గరి ఆసుపత్రుల్లో ఈ మందు, వెంటిలేటరు ఎక్కడ ఉన్నాయో నాట్లకు ముందే విచారించి పెట్టుకోండి. ఇంటికి వచ్చిన ఒకటి రెండు వారాల్లో జ్వరం, కీళ్లనొప్పులు, దద్దుర్లు కనిపిస్తే అవి కూడా ఆ మందు ప్రభావమే కావచ్చు గనుక, చికిత్స చేసిన వైద్యునికి మళ్లీ చూపించాలి.