పత్తి లోడు ఎత్తే ముందు ట్రాలీ బ్రేకు చూసుకోండి

దసరా దాటిందంటే వరంగల్ చుట్టూ ఉన్న రోడ్లన్నీ ఎనుమాముల మార్కెట్ దిక్కే నడుస్తయి. నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట నుంచి పత్తి ట్రాలీలు. ఊర్లళ్ల కొనుగోలు కేంద్రాలకు వడ్ల ట్రాలీలు. సీజన్ ముందు ట్రాక్టర్‌కు ఇంజన్ ఆయిల్ మారుస్తరు, ఫిల్టర్ మారుస్తరు, కడిగి ఆయుధపూజ చేస్తరు. ట్రాలీ మాత్రం పోయిన యాసంగి వడ్లు దించి ఏ చింతచెట్టు కింద వదిలేసిన్రో అక్కడనే ఉంటది. లోడు పడ్డంక ఆపాల్సిన బరువుల ఎక్కువ భాగం దాంట్లనే ఉంటది. అందుకే ముందు ట్రాలీ సంగతి చూద్దాం.

బ్రేకు లేని ట్రాలీతో వచ్చే చిక్కు ఇది. డ్రైవర్ పెడల్ తొక్కితే ట్రాక్టర్ వెనుక చక్రాలు పట్టుకుంటయి. ట్రాలీని పట్టేది ఏదీ లేదు, అది ముందరి ట్రాక్టర్‌ను నెడుతది. రెండూ సక్కగ ఉంటే నాలుగు గజాలు ఎక్కువ జారి ఆగుతయి. మలుపుల ఉన్నప్పుడు నెడితే ట్రాక్టర్ వెనుక భాగం పక్కకు కొట్టుకపోయి రెండూ మడతబడుతయి. దానికి తోడు వేగం రెండింతలైతే ఆపే దూరం దగ్గర దగ్గర నాలుగింతలైతది. గంటకు 15 కిలోమీటర్ల మీద ఆగిన చోటనే 30 మీద కూడా ఆగుతదనుకుంటే మోసపోతరు.

అమెరికాల ఉన్న మనోళ్లు పంపే వీడియోలల్ల పికప్ ట్రక్కు స్టీరింగ్ పక్కన ఒక చిన్న డబ్బా కనబడుతది. బ్రేక్ కంట్రోలర్ అంటరు దాన్ని. డ్రైవర్ బ్రేకు తొక్కంగనే అది ట్రైలర్ డ్రమ్ములల్ల ఉన్న కరెంటు అయస్కాంతాలకు కరెంటు పంపుతది. అయస్కాంతం డ్రమ్ముకు అతుక్కొని లీవర్‌ను గుంజితే బ్రేకు షూలు విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటయి. ఎంత కరెంటు పోవాల్నో లోడును బట్టి ముందే పెట్టుకుంటరు. ఏర్పాటు మంచిదే గని, ఆ డబ్బా ఒక్కటి ఆన్‌లైన్ల తెప్పించి మన ట్రాలీకి తగిలిస్తమంటే నడవదు. మన డ్రమ్ములల్ల అయస్కాంతాలు లేవు. చాలా ట్రాలీలకు డ్రమ్ములే లేవు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది: రోడ్డెక్కక ముందే మెల్లగ కదిలించి, ట్రక్కు బ్రేకు ముట్టకుండ ట్రైలర్ బ్రేకు ఒక్కటే వేసి చూస్తరు. పట్టు తక్కువుంటే పెంచుతరు, చక్రాలు బిగుసుకొని ఈడ్చుకపోతుంటే తగ్గిస్తరు.

ఆ పరీక్ష మనమూ చెయ్యొచ్చు. కల్లం దగ్గరనో, ఖాళీ జాగలనో లోడుతోనే మనిషి నడిచేంత వేగంతో నడిపి బ్రేకు వేయాలె. ఒక మనిషి దూరంగ పక్కన నిలబడి ట్రాలీ చక్రాలు చూడాలె. మంచి బ్రేకైతే ట్రాక్టర్‌తో పాటే, లేదా ఒక్క క్షణం ముందు ట్రాలీ పట్టుకుంటది. వెనుకనుంచి ట్రాలీ ధన్‌మని తగిలి డ్రైవర్ కుర్చీని కుదిపితే ట్రాలీ ఆలస్యంగ ఆగుతున్నట్టు. ఖాళీ ట్రాలీతో చేసిన పరీక్ష లెక్కల రాదు.

ఆయిల్ పైపు బ్రేకులైతే పెడలే సగం సంగతి చెప్తది. స్పాంజి లెక్క మెత్తగుంటే పైపుల గాలి చేరింది. దూరమున్న చక్రంతో మొదలువెట్టి ఒక్కోటి బ్లీడ్ చేసుకుంట, అంటే లోపలి గాలి వెళ్లగొట్టుకుంట రావాలె. తొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగ కిందికి పోతుంటే ఎక్కడనో లీకన్నా ఉంది, లోపలి సీలన్నా పోయింది. ఈ రెండు మాటలు మెకానిక్‌కు తేడా లేకుండ చెప్తే సగం పని తప్పుతది. ఇక పోసే ఆయిల్ సంగతి: బ్రేక్ ఫ్లూయిడ్ పోసే దాంట్ల హైడ్రాలిక్ ఆయిల్ పోసినా, హైడ్రాలిక్ ఆయిల్ దాంట్ల ఫ్లూయిడ్ పోసినా రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైతయి. ఇంట్ల ఉన్నదేదో పోసి తోలుకపోవుడు మన దగ్గర ఎక్కువ. గాలి బ్రేకులైతే పొద్దుగాల ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదలాలె. లీకు అనుమానముంటే జాయింట్ల మీద సబ్బు నురుగు పూస్తే బుడగలొస్తయి.

లోడుతోని ఐదారు కిలోమీటర్లు నడిచినంక ఒకసారి ఆపి, డ్రమ్ములను ముట్టకుండ దగ్గరగ చెయ్యి పెట్టి చూడాలె. ఒక్క చక్రం దగ్గరనే సెగ కొడుతుంటే అక్కడ షూ వదలక రాసుకుంటున్నట్టు, లేదా బేరింగ్ పోతున్నట్టు. ఒకటి చల్లగ, మిగతావి వెచ్చగ ఉంటే ఆ చల్లటిది బ్రేకు పడుతలేదు. హబ్బు సీలు కారి లైనర్ల (షూల మీద రాసుకునే పట్టీల) మీద గ్రీజు పడ్డా ఇట్లనే అయితది. గ్రీజు తాగిన లైనర్లను పెట్రోల్‌తో కడిగి మళ్ల వేస్తే నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటది, లోడు మీద మళ్ల జారుతది. మార్చుడే నయం.

ట్రాక్టర్‌కున్న రెండు బ్రేకు పెడళ్ల సంగతి తెలువనోళ్లు లేరు, పాటించేటోళ్లు మాత్రం తక్కువ. కరిగెట దున్నేటప్పుడు మూల తిరగనీకి రెండు పెడళ్లను కలిపే లాకు తీస్తరు. మళ్ల రోడ్డెక్కేటప్పుడు కలుపుడు మరుస్తరు. ట్రాలీ ఉండంగ ఒక పెడలే తొక్కితే ఒక చక్రమే ఆగి ట్రాక్టర్ ఆ దిక్కు గిర్రున తిరుగుతది, వెనుకనుంచి ట్రాలీ వచ్చి బోల్తా కొడుతది. వానాకాలమంతా బురదల నడిచిన ట్రాక్టర్ అయితే రెండు దిక్కులా పట్టు సమానంగ ఉందో లేదో కూడా చూపించుకోవాలె.

పిన్ను గురించి ఒక మాట. వెల్డింగ్ షాపుల దొరికిన సలాక ముక్కను కోసి పిన్నుగ దించుతరు, కింద క్లిప్పు ఉండదు. గుంతల ఎగిరినప్పుడల్ల అది ఇంచు ఇంచు పైకి లేస్తది. సరిపోయే మందం పిన్ను, కింద క్లిప్పు, దాంతో పాటు ట్రాలీకీ ట్రాక్టర్‌కూ ఒక బలమైన గొలుసు ఉండాలె. ట్రాలీ తగిలించాల్సింది కిందున్న హుక్కుకే. పైన టాప్ లింక్ దగ్గర కడితే ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు లేచి వెనక్కి పడుతది. రెండు చక్రాల ట్రాలీల లోడు వెనక్కి ఎక్కువ పడ్డా తిప్పలే: హుక్కు మీద బరువు తేలి, ట్రాక్టర్ వెనుక చక్రాలకు పట్టు పోతది. బరువు ఇరుసుకు కొంచెం ముందల పడేటట్టు నింపాలె.

నడి రాత్రి బయల్దేరి తెల్లారేసరికి మార్కెట్ల వరుస పట్టుకోవాలనుకుంటరు కాబట్టి లైట్లు కూడా బ్రేకు లెక్కలకే వస్తయి. ట్రాలీ లైట్ల తిప్పల చాలామటుకు ఎర్తు దగ్గరిదే. ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మినుకు మినుకుమంటే, లేదా అన్నీ మసక మసక వెలుగుతుంటే బల్బులు మార్చొద్దు, ఎర్తు వైరు చూడాలె. చాలా మంది పిన్ను ద్వారనే ఎర్తు వస్తదని వదిలేస్తరు. అక్కడ తుప్పు, గ్రీజు, మట్టి. సాకెట్ నుంచి ట్రాలీ ఛాసిస్‌కు వేరే ఎర్తు వైరు గుంజి, ఛాసిస్ మీద రంగు గీకి బోల్టు వేస్తే ఏళ్లకేళ్ల పంచాయితీ ఒక్కపూటల తెగుతది. పత్తి బోరెలు వెనక్కి వేలాడి లైట్లను కప్పేస్తే ఎంత చేసినా దండగే. కట్టినంక వెనక్కి పోయి చూడాలె. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ తప్పనిసరి. ఇక పత్తి ఎత్తుగ కడితే ఊర్ల కరెంటు తీగలు, సైలెన్సర్ నిప్పురవ్వలు, లోడు మీద కూసున్నోళ్ల బీడీలు వేరే సంగతి.

తొవ్వల ముందుగ పైలం ఉండాల్సింది రోడ్డు మీద ఆరబోసిన వడ్ల దగ్గర. సగం రోడ్డు వడ్లు, అంచుకు రాళ్లు. ఎదురుంగ లారీ వస్తే ఒక దిక్కు చక్రాలు వడ్ల మీదికి పోతయి. అక్కడ బ్రేకు వేస్తే గింజలు గోళీల లెక్క జారి, తారు మీదున్న చక్రాలే పడుతయి, బండి అటు గుంజుతది. వడ్లు కనబడంగనే ముందే వేగం తగ్గించి, వాటి పక్కన ఉన్నంతసేపు బ్రేకు ముట్టొద్దు.

ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాల్వల వంతెనలు, చెరువు కట్టలు, కాజీపేట రైల్వే బ్రిడ్జి లాంటి దిగుడు దగ్గర పైన ఉండంగనే చిన్న గేరుల వేసుకోవాలె, చేతి యాక్సిలరేటర్ పూర్తిగ తగ్గించాలె. డీజిల్ మిగులుతదని న్యూట్రల్ చేసి జారనిచ్చే అలవాటు మన డ్రైవర్లకు మస్తుగ ఉంది. అట్ల జారేటప్పుడు ఇంజన్ పట్టు ఉండదు, మధ్యల గేరు వేద్దామంటే పడదు. దిగుడుల బ్రేకు పోయినట్టు అనిపిస్తే క్లచ్ తొక్కొద్దు, గేరు మార్చొద్దు. ఉన్న గేరులనే యాక్సిలరేటర్ వదిలేసి, ట్రాలీకి వేరే చేతి బ్రేకుంటే మెల్లగ గుంజుకుంట సక్కగ పోనియ్యాలె.

పత్తి ఏరే కూలీలను పొద్దుగాల ట్రాలీల తీస్కపోవుడు ఇంకా ఆగలేదు. 2018 జూన్‌ల యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వల పడి 15 మంది చనిపోయిన్రు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. “ఇంత దూరానికి ఏమైతదే అక్కా, ఎక్కు” అంటే ఎక్కొద్దు. ట్రాలీకి కూడా వేరే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు ఉందో లేదో కాయితాలు తీసి చూసుకోవాలె. ట్రాక్టర్‌ది ఉంటే సరిపోతదనుకునేటోళ్లు ఎక్కువ.

టైరు పోయి మధ్యల ఆగాల్సొస్తే హ్యాండ్ బ్రేకును నమ్మి కిందికి దిగొద్దు. ట్రాలీ చక్రాలకు దిగుడు దిక్కు చెక్క దిమ్మెలు పెట్టాలె. రెండు దిమ్మెలు ఎప్పుడూ ట్రాలీలనే ఉంటే మంచిది. లేకనే కదా రోడ్డు పక్కన దొరికిన బండరాళ్లు పెడ్తున్నం. పెట్టినా, కదిలేటప్పుడు వాటిని తీసి పొలం గట్టు దిక్కు పడేయాలె. చీకట్ల వెనుక వచ్చే బైకోనికి అవి కనబడవు.